కృష్ణమ్మ మీద ఇనుప త్రికోణాలు

అందరికీ నమస్కారం.

తెనాలి వైపు నుంచి రైల్లో బెజవాడ వస్తుంటే, కృష్ణా కెనాల్ స్టేషన్ దాటిన కాసేపటికి చక్రాల చప్పుడు మారిపోతుంది. కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచి కిటికీ దగ్గరికి జరుగుతారు. మా అమ్మ కొంగుముడి విప్పి నా చేతిలో నాణెం బిళ్ల పెట్టి, "కృష్ణమ్మకు దణ్ణం పెట్టుకుని వెయ్యి నాన్నా" అనేది. నేను వేసిన బిళ్ల ముందు వంతెన ఇనుప దూలానికి, అంటే గర్డరుకు, తగిలి ఠంగుమనేది. నా మాటలన్నీ ఆ ఇనుము గురించే.

ఇక్కడ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య నది ఇరుకవుతుంది. అందుకే 1855 నాటికి ఆనకట్ట ఇక్కడే కట్టారు. దానికి కాస్త దిగువన 1893లో రైలు వంతెన వచ్చింది. మొత్తం 12 కానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు; ఒక్కో కానా 300 అడుగులు. రాజమండ్రి హేవ్‌లాక్ వంతెనకు 56 కానాలున్నా, ఒక్కోటి 150 అడుగులే. బెజవాడ నుంచి మద్రాసు దాకా పట్టాలు కలిసింది 1899లో.

300 అడుగుల మేర కింద ఆసరా లేకుండా రైలుబండిని మోయడమెలా? నేను పాలిటెక్నిక్‌లో చెప్పిన పాఠమే చెబుతాను. పాత మంచం కీళ్లు వదులైతే పక్కకు ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకు ఒక కర్ర అడ్డంగా బిగించండి, ఇక కదలదు. నాలుగు పలకల చట్రం రెండు త్రికోణాలైంది. త్రికోణం భుజం పొడవు మారితే తప్ప దాని రూపు మారదు. ట్రస్ వంతెన, అంటే ఇనుప త్రికోణాలతో అల్లిన వంతెన, అంతా ఇదే. బరువు పడితే పై కమ్మీ నొక్కుకుంటుంది, కింది కమ్మీ నులకతాడులా లాగబడుతుంది.

పిల్లలు అందరూ పైకే చూస్తారు. నేను మాత్రం గర్డరు స్తంభం మీద ఆనే చోటు చూడమంటాను. ఇలాంటి గర్డరుకు ఒక కొస బిగించి ఉంటుంది, రెండో కొస రోలర్ల మీద ఉంటుంది. మన ఎండలు తెలిసినవే కదా. ఇనుము 30 డిగ్రీలు వేడెక్కితే 300 అడుగుల గర్డరు మూడు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. ఆ కాస్త జరగడానికి చోటుండాలి. దుమ్మూ తుప్పూ పట్టి రోలరు బిగుసుకుపోతే ఆ తోపుడంతా స్తంభం మీద పడుతుంది. కాబట్టి గర్డరు కొసల్ని మోసే ఈ ఆధారాల్ని, అంటే బేరింగుల్ని, శుభ్రం చేసి గ్రీజు పెట్టడం చిన్న పని కాదు. వంతెన ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం.

రివెట్లదీ, అంటే ఇనుప ముక్కల్ని కలిపి బిగించే మేకులదీ, అంతే. ఒకవైపు వేలు ఆనించి, రెండోవైపు చిన్న సుత్తితో కొడతారు. వదులైన రివెట్టు వేలికి తెలిసిపోతుంది. వేల రివెట్లు, ఒక్కొక్కటీ మనిషి చేతితోనే.

ఒక్క మనవి. పట్టాల పక్కన అక్కడక్కడ చిన్న ఇనుప గూళ్లుంటాయి. బండి వచ్చినప్పుడు పనివాళ్లు అందులోకి తప్పుకుని నిలబడతారు. పరుగెత్తే రైల్లోంచి పడే బిళ్ల రాయిలా తగులుతుంది. ఈసారి కృష్ణమ్మకు నాణెం వేసే ముందు, ఆ గూట్లో మనిషి ఉన్నాడేమో చూడండి.