నీటి కుక్క బుగ్గలు ఎందుకు రుద్దుకుంటుంది?

ముందు ఈ క్లిప్ చూడండి. వెల్లకిలా తేలుతున్న ఈ సీ ఒట్టర్, అంటే సముద్రపు నీటి కుక్క, రెండు చేతులతో బుగ్గలు రుద్దుకుంటోంది, పల్టీ కొడుతోంది, మళ్లీ పొట్ట రుద్దుకుంటోంది. చూడగానే 'అబ్బ, ఎంత ముద్దుగా ఉందో' అంటాం, నేనూ అంటాను, కానీ అది ఆట కాదండీ. చలికి చచ్చిపోకుండా చూసుకుంటోంది.

ఇవి ఉండేది ఉత్తర పసిఫిక్‌లో, రష్యా, అలాస్కా, కాలిఫోర్నియా తీరాల వెంట. ఆ చల్లటి నీళ్లలో బతికే సీల్‌కైనా తిమింగలానికైనా చర్మం కింద మందంగా కొవ్వు ఉంటుంది. దీనికి అది లేదు, ఉన్నదల్లా బొచ్చే. మన తల మొత్తం మీద సుమారు లక్ష వెంట్రుకలుంటే, దీనికి దట్టంగా ఉన్నచోట ఒక్క చదరపు సెంటీమీటరులోనే లక్షకు పైగా ఉంటాయి! ఆ వెంట్రుకల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి చుట్టూ నీళ్లున్నా చర్మం తడవదు. బొచ్చుకు మురికి పట్టి అట్టకడితే ఆ గాలి పోతుంది, చలి నేరుగా ఒంటికి తగులుతుంది. అందుకే రోజూ గంటల తరబడి ఈ రుద్దుడు, నోటితో బొచ్చులోకి గాలి ఊదడం. నదుల్లో ఉండే నీటి కుక్కలైతే ఒడ్డెక్కి ఇసుకలో, గడ్డిలో దొర్లి ఆరబెట్టుకుంటాయి. ఇది ఒడ్డుకు రావడమే తక్కువ. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు ఇవి అంత పెద్ద సంఖ్యలో చనిపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే, చమురు అంటిన బొచ్చులో గాలి నిలవదు.

బొచ్చు ఒక్కటే చాలదు, లోపల పొయ్యి కూడా మండుతూ ఉండాలి. తన బరువులో దాదాపు నాలుగో వంతు తిండి రోజూ తినాలి, అంటే 28 కిలోల జంతువుకి 7 కిలోలు. నత్తలు, పీతలు, ముళ్ల బంతుల్లా ఉండే సీ అర్చిన్లు, ఏది దొరికితే అది. పెంకు గట్టిగా ఉంటే పొట్ట మీద రాయి పెట్టుకుని దానికేసి కొడుతుంది. చంక కింద వదులుగా ఉండే చర్మం సంచిలా పనికొస్తుంది, దొరికిన తిండి, ఒక్కోసారి ఆ రాయి కూడా అందులోనే దాచుకుంటుంది.

ప్రాణం నిలిపే ఈ బొచ్చే దాని ప్రాణం మీదికి తెచ్చింది. 1741 తర్వాత మొదలైన తోళ్ల వేట, 1911లో దేశాల మధ్య ఒప్పందం కుదిరి ఆగేసరికి ప్రపంచం మొత్తం మీద వెయ్యి, రెండు వేలే మిగిలాయి. నాకు ఇది చదివినప్పుడు నిజంగా బాధేసింది.

ఇప్పుడు పిల్ల సంగతి. తల్లి దాన్ని పొట్ట మీద పడుకోబెట్టుకుని నాకీ నాకీ, ఊదీ ఊదీ ఎంత గాలి నింపుతుందంటే, పిల్ల మునగాలన్నా మునగలేదు, బెండులా తేలుతుంది. తల్లి మాత్రం తిండి కోసం అడుక్కి వెళ్లక తప్పదు కదా, అందుకని ఒక్కోసారి కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచును పిల్లకి చుట్టి, కొట్టుకుపోకుండా కట్టేసి మునుగుతుంది. పైకి వచ్చేదాకా చాలా పిల్లలు అరుస్తూనే ఉంటాయి. ఈ చివరి క్లిప్ సౌండ్ పెంచి వినండి.