10 కోట్ల వాచీల్లో ‘రేర్’ ఏంటండీ? పాలకొల్లు పెట్టె గురించి ఎవరూ అనని మాట

నమస్కారమండీ. ఉపోద్ఘాతం ఏమీ లేదు, నేరుగా చెప్పేస్తాను. పాత హెచ్‌ఎంటీ వాచీల్లో ‘రేర్’ అంటూ ఏదీ లేదు. మీ పాత వాచీల గ్రూపుల్లో ఎర్రక్షరాలతో ‘సూపర్ రేర్’ అని పెట్టి పన్నెండు వేలు, పదిహేను వేలు అడుగుతున్నారే, ఆ వాచీతో సహా. కోపం వస్తే కింద కామెంట్ పెట్టండి, చదివి మరీ జవాబిస్తాను. కానీ ముందు ఒక్క అంకె వినండి. హెచ్‌ఎంటీ వాళ్ళు మొత్తం మీద తయారు చేసిన వాచీలు 10 కోట్లకు పైమాటే. పది కోట్లు! అంత సరుకు తయారై ఊరూరా బీరువాల్లో పడి ఉంటే, అది రేర్ ఎలా అవుతుందండీ?

పాలకొల్లు పెట్టె గొడవ మీలో చాలామందికి తెలిసిందే. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. పాలకొల్లు దగ్గర ఒక రొయ్యల రైతు, గాజు మూత ఉన్న టేకు పెట్టె ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. లోపల వరసగా పాత హెచ్‌ఎంటీలు. కింద ఆయన రాసింది ఇంతే: రెండు లక్షల ముప్పై వేలు పెట్టి కొన్నాను, తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యల చెరువు పోయింది, డబ్బు అవసరం, ఎవరైనా తీసుకోండి అని. మొత్తం పెట్టెకి వచ్చిన పెద్ద బేరం నలభై వేలు. ఆయనకి ఆ వాచీలు అమ్మినవాళ్ళంతా అదే గ్రూపులో ఉన్నారు. ఒక్కడు నోరు మెదపలేదు.

ఇక కామెంట్లు చూడాలి. ‘రొయ్యల డబ్బు అలాగే పోతుంది’ అని ఒకడు. ‘ఇంట్లో ఆవిడ ఏం చేస్తోంది’ అని ఇంకొకడు. ‘ఈ వయసులో బొమ్మలాటలేంటి’ అని మూడోవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కష్టపడి సంపాదించి, తాగకుండా, పేకాడకుండా, కోడిపందేల బరివైపు తొంగి చూడకుండా, తన చిన్నప్పటి వస్తువులు కొనుక్కున్న మనిషిని పట్టుకుని నవ్వుతారా? అమ్మినవాడిని ఒక్కరైనా అడిగారా, ఆ ధర ఎక్కడిదని?

నేను ఆయనకి ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడాను. మొదటి వాచీ పన్నెండు వందలకి తణుకులో కొన్నారట. నాన్నగారు కట్టుకున్నలాంటిదే కనబడితే ఆగలేకపోయారు. అక్కడిదాకా ఏ తప్పూ లేదు. తర్వాత ఎవరో ఆయన్ని గ్రూపులో చేర్చారు. అసలు రోగం అక్కడ మొదలైంది.

ఆ గ్రూపులు ఎలా నడుస్తాయో చెబుతాను. రాత్రి తొమ్మిది దాటాక ఫోటో పడుతుంది. కింద ధర, పక్కన ‘వన్ పీస్ ఓన్లీ’. ‘టేక్’ అని ముందు ఎవరు కొడితే వాళ్ళదే. ఆలోచించుకుంటానంటే కుదరదు, వెనక ఫోటో పెట్టండంటే ‘ఇంట్రెస్ట్ లేకపోతే వదిలేయండి’ అని కసిరేస్తారు. భోజనం చేసి మంచం మీద వాలిన మనిషి, గుండె దడదడలాడుతుంటే రెండు నిమిషాల్లో ఎనిమిది వేలు ఫోన్‌పే కొట్టేస్తాడు. నరసాపురం రేవులో చేపల పాటలో కూడా సరుకు కళ్ళ ముందు పోసి, మొప్ప ఎత్తి చూపించి పాడతారండీ. ఇక్కడ అదీ లేదు.

ఇప్పుడు నా సిద్ధాంతం వినండి. కొంతమందికి నచ్చదు, నేను మాత్రం దీని మీదే నిలబడతాను. పాత వాచీకి ధర కట్టేది వాచీ కాదు, లోపల తిరిగే మిషన్ కాదు, ఏ సంవత్సరందన్నది కూడా కాదు. కొనేవాడి వయసే ధర కడుతుంది. వాడికి నలభై దాటాలి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాలి, నాన్న ముసలివాడైపోవాలి లేదా పోయి ఉండాలి. అప్పుడు వాడికి ఏ ధర చెప్పినా ఎక్కువ అనిపించదు. అమ్మేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఫోటో కింద ‘మీ నాన్నగారి జ్ఞాపకం’ అని రాస్తాడు. వాడు తూకం వేస్తున్నది మీ బెంగని.

కాలం లెక్క చూడండి, సరిగ్గా అతుకుతుంది. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలైంది 1961లో. తొలి వాచీలు విడుదల చేసింది నెహ్రూ గారు. డెబ్బైల్లో, ఎనభైల్లో దేశంలో చేతికి వాచీ ఉందంటే చాలావరకు అదే. 1984లో టైటాన్ కంపెనీ పుట్టింది, ఆ తర్వాత క్వార్ట్జ్ వాచీలు ముంచెత్తాయి, కీ ఇచ్చే వాచీలు బీరువా అరల్లోకి వెళ్ళిపోయాయి. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్‌ని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మూసేస్తున్నారన్న వార్త వినగానే ఎగబడ్డది ఎవరు? ఆ వాచీలు నాన్న చేతికి చూస్తూ పెరిగిన పిల్లలు. అప్పటికి వాళ్ళ వయసెంత? ముప్పై అయిదు, నలభై, నలభై అయిదు. జీతాలొచ్చే వయసు, చెరువులు పెట్టే వయసు. ధర లేచింది అందుకండీ. వాచీల కొరత వల్ల కాదు.

పైగా హెచ్‌ఎంటీ పేరుతో కొత్త వాచీలు బెంగళూరు నుంచి ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. ఆ ముక్క మాత్రం గ్రూపులో ఎవరూ చెప్పరు.

అసలు మన గోదావరి జిల్లాల్లో ఈ వాచీకి ఉన్న విలువ వేరండీ. ఇది పక్కదారే, అయినా చెప్పకుండా ఉండలేను. పెళ్ళిలో అలకపాన్పు ఉందా, పెళ్ళికొడుకు ముఖం తిప్పుకుని కూర్చుంటే మామగారు ఒంగి ఏం కావాలి బాబూ అనడిగితే, ఆ రోజుల్లో వచ్చే మొదటి జవాబు వాచీ. అందులోనూ హెచ్‌ఎంటీ కాంచన్ మోడల్. ఆటోమేటిక్, బంగారు రంగు, చేతికి కడితే పందిరంతా చూసేది. మామూలు ధరకి దొరక్క బ్లాకులో కొని తెచ్చామని ఆ తరం మామగార్లు ఇప్పటికీ చెబుతారు. అల్లుడు దాన్ని రోజూ కట్టుకునేవాడా? లేదు. రుమాల్లో చుట్టి బీరువాలో పెట్టి, పెళ్ళిళ్ళకీ సంక్రాంతికీ తీసేవాడు. చేలో నీరు కట్టేటప్పుడు కట్టుకోవాల్సి వస్తే డయల్ మణికట్టు లోపలికి తిప్పుకునేవాడు, గీత పడకుండా. కట్టుకునే రోజు పొద్దున్నే చెవి దగ్గర పెట్టుకుని విని, రేడియోలో వార్తల టైముకి ముళ్ళు సరిచేసుకునేవాడు. ఇది చూస్తూ పెరిగిన పిల్లాడికి ఆ వాచీ కనబడితే చెయ్యి ఆగుతుందా? నేను ఆ రైతును తప్పు పట్టనిది అందుకే.

సరే, మళ్ళీ అసలు సంగతికి వద్దాం. ఆ పెట్టెలో వాచీలని దగ్గరగా తీసిన ఫోటోలు ఆ రైతు నాకు పంపారు. రాజమండ్రిలో దశాబ్దాలుగా వాచీలు బాగుచేస్తున్న ఒక పెద్దాయనకి చూపించాను. పెద్దది చేసి చూసి, హెచ్‌ఎంటీ పైలట్ అనే మోడల్ ఒకదాని మీద వేలు పెట్టి, ఈ డయల్ మొన్నటిదండీ అన్నారు.

ఎలా తెలిసిందో ఆయన చూపించారు, మీరూ చూడండి, ఇదిగో స్క్రీన్ మీద. అసలు పైలట్‌ది నల్ల డయల్. కంపెనీలో అచ్చేసిన అక్షరం సన్నగా, అంచు కోసినట్టు స్పష్టంగా ఉంటుంది. ఈ డయల్ మీద ‘పారాషాక్’ (అంటే దెబ్బ తగిలినా తట్టుకునేదని) అన్న అక్షరాలు లావుగా, సిరా ఊరినట్టు ఉన్నాయి. నిమిషాల గీతలు చూడండి, పన్నెండు దగ్గర సరిగ్గానే ఉన్నాయి, నాలుగు దగ్గరకొచ్చేసరికి అంకెకి ఎడంగా జరిగిపోయాయి. సెకన్ల ముల్లు గీతల దాకా అందట్లేదు, అది ఇంకేదో వాచీది. ఇక పెట్టెలో ఎర్ర డయల్ పైలట్ ఒకటి, మిలిటరీ గుర్తున్నది ఒకటి, దేవుడి బొమ్మది ఒకటి ఉన్నాయి. వాటికి ఆ రైతు పోసింది ఒక్కోదానికి తొమ్మిది వేల పైన. ఇవి ముంబైలో పాత కేసుల్లో కొత్త డయళ్ళు అతికించి దేశమంతా పంపే సరుకు. వాచీలు సేకరించేవాళ్ళలో వీటికి ‘ముంబై స్పెషల్’ అని పేరు కూడా ఉంది. అంటే తెలిసినవాళ్ళందరికీ తెలుసు. తెలియని రైతుకే తెలియదు.

ఇంకొకటి, ఇది మన ప్రాంతం వాళ్ళు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. మనది కాలవల నేల, ఉప్పుగాలి, ఏడాదిలో సగం రోజులు చెమ్మ. నలభై ఏళ్ళు కోనసీమలోనో నరసాపురం వైపో ఉన్న వాచీకి గ్లాసు కింద ఆవిరి చేరి డయల్ మీద పసుపు మచ్చలు వస్తాయి, వెనక మూత అంచున చిలుము పడుతుంది. ‘రాజోలులో ఒకే ఇంట్లో ఉన్న వాచీ, 1978ది’ అని చెప్పి అద్దంలా మెరిసే డయల్ చూపిస్తే, అది చూసి ముచ్చటపడకండి, అక్కడే అనుమానపడండి. అమ్మేవాళ్ళేమో మచ్చ ఉన్నదాన్ని తక్కువకి కొని, మెరిసేదాన్ని ఎక్కువకి అమ్ముతున్నారు. నిజమైన వాచీకి ధర తక్కువ, రంగు పూసినదానికి ఎక్కువ!

ఈ జబ్బు వాచీలతో ఆగలేదు. పాత నాణేల సంగతి చూడండి. పాత నోట్లు, నాణేలు లక్షలకి కొంటామని నమ్మించి, రిజర్వ్ బ్యాంకు పేరూ లోగో వాడుకుని కమిషన్లు, ఛార్జీలు గుంజుతున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజల్ని హెచ్చరించాల్సి వచ్చింది. మండువా లోగిళ్ళు చూడండి. ఇల్లు పడగొట్టి టేకు స్తంభాలు, ద్వారబంధాలు లారీల మీద హైదరాబాద్ పోతున్నాయి. తాతగారి ద్వారబంధాన్ని ఇక్కడ కట్టెల ధరకి ఇచ్చేసిన ఇంటివాళ్ళే, అక్కడ మరెవరి తాతగారి ద్వారబంధాన్నో లక్షలు పోసి కొని హాల్లో నిలబెట్టుకుంటున్నారు. మధ్యలో లాభం ఎవరిది?

‘అన్నా, ఇది పెట్టుబడి, రేపు ధర పెరుగుతుంది’ అనేవాళ్ళకి ఒకటే ప్రశ్న. రేపు కొనేదెవరు? మా ఇంట్లో పిల్లలు టైము ఫోన్‌లో చూస్తారు. వాళ్ళకి నలభై ఏళ్ళొచ్చాక వాళ్ళు వెతుక్కునేది ఏదో పాత ఫోన్, పాత వీడియో గేమ్. కాంచన్ కోసం వాళ్ళెవరూ రాత్రి తొమ్మిదింటికి ‘టేక్’ కొట్టరు. ఈ వాచీలకి ఇంత ధర పెట్టే ఆఖరి తరం మనమే. మన మోజు తీరిన రోజున పాలకొల్లు పెట్టెలు వందలకొద్దీ బజార్లోకి వస్తాయి. అప్పుడు నలభై వేల బేరం కూడా ఉండదు. అమ్మేవాళ్ళకి ఇదీ తెలుసు, అందుకే ఇప్పుడు ఇంత తొందరపెడుతున్నారు.

ఫోన్ పెట్టేసే ముందు ఆ రైతు అన్నమాట విని నాకు కాసేపు నోట మాట రాలేదు. మీ నాన్నగారి వాచీ ఏమైందండీ అని అడిగాను. ఇంట్లోనే ఉందన్నారు. బీరువాలో, అమ్మ చీరల కింద. హెచ్‌ఎంటీ జనతా మోడల్. కీ తిరగట్లేదని ఏళ్ళ క్రితం అక్కడ పెట్టేశారట. రెండు లక్షల ముప్పై వేలు పోసి ఊరివాళ్ళ నాన్నల వాచీలన్నీ కొన్న మనిషి, సొంత నాన్న వాచీకి ఒక్క రూపాయి పెట్టలేదు!

రేర్ అంటే అదండీ. పది కోట్లలో రేర్ అయిన వాచీ ఆ ఒక్కటే, అది ఏ గ్రూపులోనూ దొరకదు. రాజమండ్రి పెద్దాయన్ని అడిగితే, అది 0231 అనే రకం మిషన్ అయి ఉంటుంది, లోపల ఆయిల్ ఎండి గట్టిపడి ఉంటుంది, విప్పి కడిగి ఆయిలింగ్ చేస్తే చాలావరకు నడుస్తాయి, స్పేర్ పార్టులు కావలసినన్ని ఉన్నాయి అన్నారు. ఖర్చు వందల్లోనే. ఎందుకు వందల్లో? లక్షలకొద్దీ తయారైన మిషన్ కాబట్టి. ఏ లెక్క వల్ల ‘రేర్’ అన్న మాట అబద్ధమవుతుందో, ఆ లెక్క వల్లే మీ నాన్నగారి వాచీ మళ్ళీ నడుస్తుంది.

ఇక పెట్టె సంగతి. దయచేసి నలభై వేలకి ఇచ్చేయకండని ఆ రైతుకి చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం రాజమండ్రిలో ఆ పెద్దాయన ముందు, కెమెరా పెట్టి, ఒక్కో వాచీ వెనక మూత తీయిస్తున్నాం. ఏది అసలు, ఏది అతుకు, ఏది ఎంతకి కొన్నారు, అన్నీ స్క్రీన్ మీద వేస్తాం. జనతా కూడా తెస్తున్నారు, దాన్ని ముందు విప్పిస్తాం. ఈ వాచీలు అమ్మిన పెద్దమనుషులు ఈ వీడియో చూస్తారని నాకు తెలుసు. మీ పేర్లు నేను బయటపెట్టను. మీరే రండి, ఆ ఎర్ర డయల్ కంపెనీదే అని ఆయన ఎదురుగా నిలబడి చెప్పండి. చెప్పలేకపోతే తొమ్మిది వేలూ వెనక్కి ఇచ్చి వెళ్ళండి.