పగలే లైట్లెందుకు? (మధ్యలో మండువా గొడవ)

రమణి: నమస్కారం. ఇవాళ్టి సంగతి, ఫ్లాట్లలో పట్టపగలే లైట్లెందుకు వేసుకోవాల్సొస్తోందని. శ్రీధర్, కిటికీ మీది సజ్జా ఊసెత్తకుండా మొదలెట్టు చూద్దాం.

శ్రీధర్: జరిమానా డబ్బా నీ దగ్గరే ఉందిగా, ఎత్తినప్పుడల్లా పది రూపాయలు వేస్తాలే. 12 బై 10 గది, 120 చదరపుటడుగులు. ఉక్కపోత ఉండే కోస్తాలో నేలలో ఆరోవంతైనా కిటికీ తెరుచుకోవాలంటుంది నేషనల్ బిల్డింగ్ కోడ్. అంటే 20. మనవాళ్ళు 4 బై 4 స్లైడింగ్ పెడతారు. 16లో తెరుచుకునేది సగం, దానికీ దోమల మెష్.

రమణి: అది గాలి. వెలుతురో?

శ్రీధర్: కిటికీ పై దూలం, అదే లింటెల్, 7 అడుగుల ఎత్తులో ఉంటే పనికొచ్చే వెలుతురు గదిలోకి 15 అడుగులదాకా వస్తుంది. హాలూ డైనింగూ కలిపి పాతిక అడుగులు లాగితే ఆ చివర లైటు తప్పదు.

రమణి: సరే. కోనసీమ నుంచి ఒకరు అడిగారు, మండువా మీద, అదే పెంకుటింటి మధ్యలో పైకప్పు లేని చోట, పాలీకార్బొనేట్ షీటు, వెలుతురొచ్చే ప్లాస్టిక్‌ది...

శ్రీధర్: వద్దు.

రమణి: పూర్తిగా విను! కోతులొస్తున్నాయట. వానకి వసారా తడుస్తోందట.

శ్రీధర్: కోతులకి గ్రిల్ చాలు. మండువా ఉన్నదే వేడిగాలి పైకి పోవడానికి. షీటు బిగించేస్తే ఎండ లోపలికొస్తుంది, వేడి బయటికి పోదు.

రమణి: బిగించమని ఎవరన్నారు? పెంకుల మీంచి అడుగున్నర ఎత్తులో కాళ్ళు పెట్టి, నాలుగు పక్కలా వదిలేసి మెష్ కొట్టమంటున్నా.

శ్రీధర్: కొట్టేవాడు కొట్టాలిగా. ఎండకీ చలికీ 40 డిగ్రీల తేడా వస్తే 3 మీటర్ల షీటు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. స్క్రూ లావుకి సరిపడా బెజ్జం వేసి బిర్రుగా తిప్పేస్తారు. అక్కడే చీలుతుంది. బెజ్జం పెద్దది వేసి రబ్బరు వాషర్ పెట్టాలి. అసలు ఏ వైపు పైకుండాలో షీటుకి అంటించిన ఫిల్మ్ మీద రాసుంటుంది. ముందే పీకేసి ఏది పైదో మర్చిపోతారు. తిరగబడితే షీటు పసుపురంగుకి మారిపోతుంది.

రమణి: లోపల గొట్టాల్లా ఖాళీలుండే షీటైతే పై అంచుకి అల్యూమినియం టేపు, కింది అంచుకి గాలాడే టేపు. లేకపోతే లోపల నాచు.

శ్రీధర్: చూశావా, నువ్వే చెప్తున్నావు! ఇంతకంటే సజ్జా...

రమణి: పది.

శ్రీధర్: వేస్తాలే. దక్షిణం కిటికీకి 2 అడుగుల సజ్జా ఉంటే మార్చి మధ్యాహ్నం 6 అడుగుల నీడ. అదే పడమటికి, మేలో నాలుగింటికి అడుగున్నర. అక్కడ సజ్జా దండగ, వెదురు తడకే.

రమణి: ఇరవై, ముప్ఫై. మండువాకి రా.

శ్రీధర్: వచ్చా. షీటు మీద వాన ఎక్కడ పడుతుంది? పెంకుల మీద. పెంకుల వాలెటు? లోపలికే. మళ్ళీ మండువాలోకే కదా! వసారా ఎలా ఆరుతుంది?

రమణి: ...చూరుకి వాననీళ్ళు పట్టే దోనె కట్టాలి.

శ్రీధర్: ఆ మాట ముందనాల్సింది. దోనె కడితే షీటే అక్కర్లేదు.

రమణి: జల్లు కొట్టదా?

శ్రీధర్: జల్లుకి చాప దించుకుంటారు. నాలుగు వాలులూ కలిపి 600 చదరపుటడుగులు. గంటకి 100 మిల్లీమీటర్ల వానంటే సెకనుకి లీటరున్నర. దోనె నుంచి దించడానికి 4 అంగుళాల పైపు.

రమణి: రెండు పెట్టాలి. పక్కన కొబ్బరిచెట్లు, ఒకటి పూడుకుపోతే?

శ్రీధర్: జాలీ పెడితే ఒకటి చాలు.

రమణి: జాలీకే పూడేది. రెండు.