నీళ్ళ కింద పొయ్యి మండొచ్చా? పోయినసారి కథ మీద మీ మాటలు

అక్క: అందరికీ నమస్కారం, కర్నూలు నుంచి మన కథల పాడ్‌కాస్ట్. పోయిన ఎపిసోడ్‌లో చదివిన కథకి వాయిస్ మెసేజ్‌లు శానా వచ్చినాయి, ఈరోజు మొత్తం వాటి గురించే మాట్లాడుకుందాం. కథ విననోళ్ళకి రొంత చెప్పు తమ్ముడూ.

తమ్ముడు: సరేక్కా. శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్ళలో మునిగిన ఊరు. ఒక పాప పుట్టిలోంచి జారి లోపలికి పోతుంది, పోతే అక్కడ ఊరు ఊరంతా బతికే ఉంటుంది, అవ్వ జొన్నరొట్టెలు కొడుతుంటుంది. పైన ఎవరో ఒకరు ఆ ఊరిని తల్చుకున్నంతసేపే కింద పొయ్యి మండుతుంది, మర్చిపోతే ఆరిపోతుంది, అదీ కథలో రూలు. చివర్లో పాప నందికొట్కూరు బస్టాండులో నిద్ర లేస్తుంది.

అక్క: ఆ బస్టాండు దగ్గరే సగం మందికి కోపం వచ్చింది, దానికి తర్వాత వస్తా. ముందు రొట్టె చప్పుడు గురించి. పాపకి రొట్టె కొట్టే చప్పుడు వినపడుతుంది గానీ ఏ ఇంట్లోంచో తెలీదు, అన్ని దిక్కుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది, అందుకని ఒక్కో గడప ఎక్కి ఒక్కో ఇల్లు వెతుకుతుంది. ఒక డిగ్రీ పిల్లోడు దీని మీద ఎంత బాగా చెప్పినాడంటే, గాల్లో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది, నీళ్ళలో 1,480 దాకా పోతుంది, రెండు చెవులకీ దాదాపు ఒకేసారి చేరేసరికి దిక్కు పట్టుకోలేమంట.

తమ్ముడు: ఆ సీన్ నాకు ప్రాణం అక్కా. నీళ్ళకి ఉండే గుణం వల్లే కథ ముందుకు పోతుంది. నీళ్ళ కింద జరిగే కథ అంటే చేపల్ని, నాచుని పెట్టేసి మిగతాదంతా నేల మీద జరిగినట్టు రాసేస్తారు శానామంది. ఇక్కడ అట్ల కాదు, పిండి చూడు, అవ్వ పిడికెడు పిండి చల్లితే అది కింద పడకుండా పొగ మాదిరి లేచి ఆమె మొహం చుట్టూ నిలబడిపోతుంది, ఆ పిండి చాటున అవ్వ మొహం సరిగా కనపడదు. పాప చేత్తో పక్కకి తోస్తే మల్ల అక్కడికే వస్తుంది. ఆ ఒక్క ముక్క కోసం నేను కథ మల్ల చదివినా.

అక్క: మరి పొయ్యి? నీళ్ళలో మంట ఏందని గట్టిగా అడిగినారు గదా.

తమ్ముడు: మంట మండితే నాకేం ఇబ్బంది లేదక్కా, ఫ్యాంటసీలో ఏదైనా మండుతుంది. రూలు పెట్టినాక దాన్ని నిలబెట్టుకోవాల. తల్చుకుంటేనే మండాల అని చెప్పి, పైన ఆ ఊరిని తల్చుకునే ఆఖరి ముసలాయన చనిపోయిన రాత్రి కూడా పొయ్యి ధగధగా మండుతుందని రాస్తే ఎట్లా? అప్పుడు తల్చుకున్నది ఎవరు?

అక్క: పాపేమో.

తమ్ముడు: పాపే అయితే ఆ మాట రాయాల కదా! ఒక్క లైను చాలు. అది ఉంటే కథంతా ఆ పాప నెత్తిన పడేది, మనకి గుండె పట్టేసేది.

అక్క: అది నిజమే, ఒప్పుకుంటా. ఇంకో మాట, ఆత్మకూరు వైపు నుంచి ఒకామె పంపింది. కథలో నాపరాళ్ళ బండలు అద్దం మాదిరి మెరుస్తుంటాయి కదా, మా ఊర్లో ఇప్పుడు బండ యాడ కనపడుతుందమ్మా, అంతా ఒండ్రే అని. ఆమె అన్నది కరెక్టే, ఆ డ్యామ్‌లో మొదట 308 టీఎంసీలు పట్టేది, పూడిక పడీ పడీ ఇప్పుడు 215 చిల్లరకి వచ్చింది, అంత మట్టి ఊర్ల మీదనే కదా పేరుకుంది. నన్నడిగితే ఆ మట్టిని కథలోకి తెచ్చుకోవాల, అవ్వ పొద్దున్నే లేచి వాకిట్లో ఒండ్రు చిమ్ముతుంటే ఎంత బాగుంటుంది, రోజూ చిమ్మినా రోజూ పడే మట్టి.

తమ్ముడు: అబ్బా, అక్కా, అది రాసినాయనకి చెప్పాల్సిందే.

అక్క: ఇంక కల సంగతి. ఎక్కువ మంది, ఇంతా చెప్పి కల అంటే మోసం చేసినట్టే అన్నారు. నేనూ అదే అనుకుంటిని. అయితే కొత్తపల్లి మండలం నుంచి ఒక పెద్దాయన చేసిన మెసేజ్ ఉంది. 1981లో నీళ్ళు వచ్చినప్పుడు ఆయన చిన్నపిల్లోడు, దూలాలు, తలుపులు పీక్కొని బండ్లకి ఎత్తుకొని పోయినారంట. రెండు జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊర్లు పోయినాయి కదా అప్పుడు. ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడల్లా పోతాడంట, ఆ వేపమొద్దు లింగానికి మొక్కి, అట్లనే గట్టెంబడి నడిచి వాళ్ళ ఊరు ఉన్న దిక్కుకి చూసి వస్తాడంట. "నాకు ఊరు కల్లోనే వస్తుందమ్మా, ఇంకెట్లా వస్తుంది, మీరు కలని తక్కువ చేసి మాట్లాడొద్దు" అన్నాడు.

తమ్ముడు: ... ఆయన మాటకి నేను ఎదురు చెప్పలేనక్కా. అయినా కథగా చూస్తే నాకు ఇంకా ఆ బస్టాండు పేరా వద్దనే ఉంది. ఆయనకి కల అంటే ఊరికి పోయే దారి, ఈ కథలో కల అంటే తప్పించుకునే దారి అయిపోయింది. పాప లేస్తుంది, బస్సు ఎక్కుతుంది, అయిపోయింది. అవ్వ ఏమైందో పాపకి కూడా పట్టదు.

అక్క: నేను మాత్రం కల ఉండనీ అంటా, బస్సు ఎక్కడం తీసేయాల. లేచినాక పాప వాళ్ళ నాయన్ని ఆ ఊరి గురించి ఒక్క ప్రశ్న అడగాల, అట్ల అడిగితే నీ పొయ్యి రూలు కూడా నిలబడుతుంది.

తమ్ముడు: అడిగితే... ఆఁ, అప్పుడు ఒప్పుకుంటా.

అక్క: రాసినాయన వింటాంటే ఇవన్నీ ఆలోచించన్నా, మార్చి పంపితే మల్ల మొత్తం చదువుతాం. మునిగిన ఊర్లోళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, ఎంత పొడుగున్నా సరే వింటాం.