టీకా కాగితం లేకపోతే సీటు లేదా?

వాసు: అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం పోయిన వారమే చెప్పాం, యూనివర్సిటీలో చేరే పిల్లలకి టీకా తప్పనిసరి చెయ్యాలా వద్దా అని. లలితక్క చెయ్యాలంటుంది, నేను అంత తేలిగ్గా ఒప్పుకోను.

లలిత: ఒప్పుకోకు, కానీ కిటికీల గురించి మాత్రం మొదలుపెట్టకు.

వాసు: అవి తర్వాత వస్తాయి.

లలిత: వస్తాయని తెలుసులే. తట్టుతో మొదలుపెడదాం. తట్టు ఉన్న మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ వైరస్ గాల్లో ఉండగలదు. ఎవరికీ రక్షణ లేని చోట ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. రెండు డోసులు పడితే నూటికి 97 మందికి రక్షణ ఉంటుంది, కానీ ఓ నూటికి 95 మందికి రక్షణ ఉంటే తప్ప అది పాకడం ఆగదు. ఒకే గదిలో ముగ్గురు నలుగురు పడుకునే హాస్టల్లో "నీ ఇష్టం" అని ఎలా వదిలేస్తాం?

వాసు: తట్టు విషయంలో నాకు పేచీ లేదక్కా. బలవంతం ఎంత దూరం పోతుందన్నదే నా భయం. 1905 కేసు...

లలిత: పాస్టర్ గారా? మళ్లీనా?

వాసు: కొత్తగా వింటున్నవాళ్లున్నారు, చెప్పనీ. అమెరికాలో, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో 1902లో మశూచి వచ్చింది, పెద్దవాళ్లంతా టీకా వేసుకోవాల్సిందేనన్నారు. హెన్నింగ్ జాకబ్సన్ అనే పాస్టర్, చిన్నప్పుడు టీకా వేస్తే నేను బాగా జబ్బుపడ్డాను, వేసుకోను పొమ్మన్నాడు. ఐదు డాలర్లు జరిమానా వేస్తే అది కట్టకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, అక్కడ ఏడుగురు జడ్జీలు కాదన్నారు, ఇద్దరే ఆయన వైపు నిలిచారు.

లలిత: చూడు, ఆయన్ని పట్టుకుని సూది గుచ్చలేదు, జరిమానా వేశారంతే. 2021లో ఇండియానా యూనివర్సిటీ విద్యార్థులు కోవిడ్ టీకా మీద కేసు వేస్తే అప్పీల్ కోర్టు ఈ తీర్పే చూపించింది. అక్కడైతే మతం, అనారోగ్యం లాంటి కారణాలకి మినహాయింపు కూడా ఉండేది, అది దొరికినవాళ్లు మాస్కు పెట్టుకుని టెస్టులు చేయించుకుంటే క్లాసుకి రావచ్చన్నారు.

వాసు: ఆ తీర్పు అక్కడితో ఆగి ఉంటే నేనూ మాట్లాడను. 1927లో ఏమైంది? క్యారీ బక్ అనే అమ్మాయికి తెలివి తక్కువని ముద్ర వేసి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యొచ్చని అదే సుప్రీంకోర్టు చెప్పింది. జస్టిస్ హోమ్స్ దానికి ఆధారంగా చూపించింది ఈ పాస్టర్ కేసునే. టీకాని నిలబెట్టిన సూత్రం గర్భనాళాలు కోయడానికీ సరిపోతుందని రాశాడు! ఎనిమిది మంది సరేనన్నారు. కాదన్న ఒక్కడూ ఎందుకు కాదో ఒక్క ముక్క రాయలేదు. నాకు అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

లలిత: మండాల్సిందే, అది దుర్మార్గమైన తీర్పు. కానీ దాన్ని తెచ్చి తట్టు టీకాకి అంటగట్టడం అన్యాయం వాసూ. టీకా ఒక రోగాన్ని ఆపుతుంది. ఆ ఆపరేషన్ ఏ రోగాన్ని ఆపింది?

వాసు: ఏదీ ఆపలేదు. అందుకే "అందరి మేలు" అనగానే తల ఊపొద్దంటున్నా. ఏ జబ్బు, ఏ టీకా, అది పక్కవాడికి అంటకుండా ఆపుతుందా అని ఒక్కొక్కటిగా అడగాలి. మన సుప్రీంకోర్టు 2022 మే 2న అన్నదీ ఇంచుమించు ఇదే. టీకా వేసుకోమని ఎవరినీ బలవంతపెట్టకూడదంది, వేసుకోనివాళ్ల నుంచే ఎక్కువ అంటుకుంటుందని ప్రభుత్వాలు ఆధారాలు చూపించలేదంది.

లలిత: అది కోవిడ్ టీకా గురించి, అప్పటి పరిస్థితిని బట్టి. సమాజం కోసం హద్దులు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందని కూడా అదే తీర్పులో ఉంది, అది వదిలెయ్యకు.

వాసు: వదలను. సరే, అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ తీసుకో. 2013లో అక్కడ బీ రకం మెనింజైటిస్, అదే మెదడు పొరల వాపు జబ్బు, వచ్చింది, అప్పటికి అమెరికాలో దానికి లైసెన్సున్న టీకా లేదు, ప్రత్యేక అనుమతితో బయటినుంచి తెప్పించారు. ఎవరినీ బలవంతం చెయ్యలేదు, ఉచితంగా క్యాంపస్‌లోనే వేశారు. నూటికి 90 మంది దాకా వేసుకున్నారు! అడిగే పద్ధతిలో అడిగితే వస్తారక్కా.

లలిత: కళ్లముందు తోటివాళ్లు ఆస్పత్రిలో పడ్డాక వస్తారు. మెనింజైటిస్‌లో వైద్యం అందినా నూటికి పది పదిహేను మంది పోతారు, ఒక్కోసారి ఒక్క రోజులోనే. ప్రిన్స్‌టన్ కథ నువ్వు సగమే చెప్పావు. 2014 మార్చిలో డ్రెక్సెల్ యూనివర్సిటీ విద్యార్థిని ఒకమ్మాయి అదే రకంతో చనిపోయింది. ప్రిన్స్‌టన్ పిల్లల్ని కలిసింది, అంతే.

వాసు: అవును. టీకా వేసుకున్నవాళ్లు బాగానే ఉన్నారు, కానీ ఆ సూక్ష్మజీవి గొంతులో ఉండనే ఉంది. మరి ఆ టీకాని పక్కవాళ్ల పేరు చెప్పి తప్పనిసరి ఎలా చేస్తావు?

లలిత: ...దాన్ని చెయ్యలేను. దాన్ని ఉచితంగా ఇచ్చి వేసుకోమని గట్టిగా చెబుతాను. తట్టుకి మాత్రం తగ్గను. క్యాన్సర్‌కి కీమో చేయించుకుంటూ క్లాసుకొచ్చే పిల్ల ఉంటుంది, తను ఆ టీకా వేసుకోకూడదు. తనకున్న కవచం పక్క బెంచీవాళ్లే.

వాసు: ఆ పిల్ల కోసమైనా ముందు కిటికీలు తెరవాలిగా.

లలిత: వచ్చేశాయి.

వాసు: రానీ! క్లాసురూములో కిటికీలకి మేకులు కొట్టి, ఏసీ పెట్టి, గాలి బయటికి పోయే దారి లేకుండా చేసి, భారమంతా పద్దెనిమిదేళ్ల పిల్లల జబ్బమీద పెడతామా? యూనివర్సిటీ తన వంతు ఏం చేస్తుందో ముందు చెప్పమను.

లలిత: అది న్యాయమే. కాగితాల సంగతీ చెప్పాలి. మొన్న మా చెల్లెలి కూతురి టీకా కార్డు తీశాం, మడతల దగ్గర చిరిగిపోయింది, మొదటి డోసు గడిలో తేదీ ఉంది, రెండో గడిలో ఇంకు మరక. వేశారో లేదో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. డాక్టర్‌ని అడిగితే, ఇంకోసారి వేసినా నష్టం లేదు, వేయించెయ్యండి అంది. పది నిమిషాల పని. అదే అడ్మిషన్ కౌంటర్లో ఆ గడి ఖాళీ అని వెనక్కి పంపేస్తే ఆ పిల్ల సంవత్సరం పోయేది.

వాసు: అంటే కౌంటర్ దగ్గరే టీకా వెయ్యాలి.

లలిత: అక్కడే వెయ్యాలి, డబ్బు తీసుకోకూడదు, అనారోగ్యం ఉన్నవాళ్లకి మినహాయింపు ఇవ్వాలి.

వాసు: మినహాయింపుకి డాక్టర్ ఉత్తరం చాలుగా?

లలిత: చాలదు. కాలిఫోర్నియాలో 2015లో స్కూలు పిల్లలకి సొంత నమ్మకాల మినహాయింపు తీసేస్తే వైద్య మినహాయింపులు పెరిగిపోయాయి, చివరికి 2019లో వాటిని తనిఖీ చెయ్యడానికి ఇంకో చట్టం తేవాల్సొచ్చింది.

వాసు: అయితే ఆ కీమో పిల్ల తన రిపోర్టులు ఆఫీసులో అందరికీ చూపించుకోవాలా?

లలిత: అందరికీ ఎందుకు, ఒక్క డాక్టర్ చూస్తే చాలు.

వాసు: యూనివర్సిటీ జీతం తీసుకునే డాక్టరా?

లలిత: బయటి డాక్టరే అనుకో.

వాసు: మరి బయటివాళ్లని నమ్మలేమనేగా ఇప్పుడన్నావు!

లలిత: ఉత్తరం రాసే డాక్టర్ వేరు, తనిఖీ చేసే డాక్టర్ వేరు వాసూ. ఆగు, టైమ్ అయిపోయింది, రికార్డింగ్ ఆపుతున్నా. ఇది ఇక్కడ వదిలేది లేదు, ఫోన్ చేస్తా.