పెద్ద ట్యాంకు పెడితే కుళాయి జోరు పెరుగుతుందా?

(దృశ్యం: రాయగడలో ఒక డాబా. పైన నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. కింద కుళాయిలోంచి సన్నటి ధార.)

నమస్కారమండీ. "కుళాయిలో జోరు లేదు, అయిదొందల లీటర్ల ట్యాంకు తీసేసి వెయ్యి లీటర్లది పెట్టించేద్దాం." ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో ఈ మాట తరచూ వినపడుతుంది. డబ్బు దండగ! నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, అంతే.

నీటి పీడనం, అదే మనం ప్రెషర్ అనేది, నీళ్లు ఎన్ని ఉన్నాయో చూడదు. ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తుంది. కుళాయి నుంచి ట్యాంకులో నీటిమట్టం దాకా 10 మీటర్లుంటే, చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో బరువు మోపినట్టు. 3 మీటర్లే అయితే 300 గ్రాములు. కింద వాకిట్లో కుళాయి జోరుగా వస్తుంటే, మేడ మీద షవర్ ఏడుస్తూ కారేది అందుకే.

(దృశ్యం: నాగావళి. బండల మధ్య ఇరుకు సందులో నురగలు.)

ఇక పారే నీరు. వెనక నుంచి వచ్చినదంతా ముందుకు పోవాల్సిందే కదా, అందుకే దారి ఇరుకైన చోట పరుగు పెరుగుతుంది. పైపు వ్యాసం సగమైతే, అంతే నీరు పోవడానికి నాలుగు రెట్ల వేగం కావాలి. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందని శాస్త్రవేత్త డేనియల్ బెర్నూలీ 1738లోనే రాశాడు.

(దృశ్యం: గొట్టం చివర బొటనవేలు. నీళ్లు దూరంగా చిమ్ముతున్నాయి.)

మరి వేలు అడ్డం పెడితే నీళ్లు అంత దూరం ఎందుకు పడతాయి? "ఇరుకు చేశాం, వేగం పెరిగింది" అంటే సగమే నిజం. బకెట్ పెట్టి చూడండి, వేలు అడ్డం ఉంటే నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. అంటే వచ్చే నీరే తగ్గింది. గొట్టం లోపల నీరు నెమ్మదిస్తే గోడల రాపిడికి పోయే పీడనం మిగిలిపోతుంది. ఆ మిగిలిందంతా వేలి వెనక చేరి, సందులోంచి నీటిని విసిరికొడుతుంది. నాకు ఈ పాఠం మొత్తంలో ఇష్టమైన ముక్క ఇదే.

(దృశ్యం: కుళాయి మూతి జాలీ విప్పితే ఇసుక, తుప్పు.)

జోరు తగ్గితే ముందు ఈ జాలీ కడగండి. తర్వాత ఒక్క కుళాయే తిప్పండి. అది బాగా వచ్చి, రెండోది తిప్పగానే రెండూ నీరసిస్తే పైపు సన్నం; అరంగుళం తీసి ముప్పావో, అంగుళమో వేయించండి. ఒక్కటి తిప్పినా నీరసమే, పైపులో అడ్డమేమీ లేదంటే, ట్యాంకు దిమ్మ లేపించండి. మీటరు లేపితే చదరపు సెంటీమీటరుకు వంద గ్రాములు కలుస్తాయి.