టేబుల్‌కు కాదు, పళ్లానికి చూడండి మట్టం

నమస్తే. రికార్డు ప్లేయర్ కొత్తగా కొనుక్కున్న మిత్రులు నాతో తరచూ ఒకే మాట అంటున్నారు. "అన్నా, టేబుల్ మీద రసమట్టం పెట్టి చూసిన, బరాబర్ ఉంది. అయినా ఒక పక్క స్పీకర్‌లో గరగరమంటోంది." గరగరకు వేరే కారణాలూ ఉంటాయి. కానీ టేబుల్‌ను చూసి ప్లేయర్ మట్టంగా ఉందనుకోవడం నాకు ఎప్పటికీ సహించదు. అందుకే ఈ వీడియో.

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద పొలం. నాట్లకు ముందు మడి చదును చేసేటప్పుడు నేను ఒడ్డు మీద నిలబడి "బాపూ, అయిపోయింది" అని అరిచేవాణ్ణి. "ఒడ్డు మీద నిలబడితే ఏం తెలుస్తది? నీళ్లు పెట్టి చూడు" అనేవాడు. నీళ్లు పెట్టగానే ఒక మూల మట్టి తేలేది, ఇంకో మూల నీళ్లు గుంటకట్టేవి.

టేబుల్ ఒడ్డు లాంటిది. రికార్డు తిరిగే పళ్లెం, అంటే ప్లాటర్, అదే మడి. మధ్యలో రబ్బరు కాళ్లు ఉన్నాయి, అవి నాలుగూ ఒకేలా అణగవు. కాబట్టి చూడాల్సింది పళ్లెం మీదే.

మన ఇళ్లలో టేబుల్ కూడా నమ్మదగింది కాదు. శాబాదు బండలు పరిచిన పాత ఇంట్లో ఒక గోలీ వదిలి చూడండి.

(క్లోజప్: గోలీ బండల మీద మెల్లగా కదిలి, వేగం అందుకుని, మోరి దగ్గర ఆగుతుంది.)

ఇది మేస్త్రి తప్పు కాదు. కడిగిన నీళ్లు మోరిలోకి పోవాలని కావాలనే వాలు పెడతారు. మంచి పద్ధతే, కానీ మన ప్లేయర్ ఆ వాలు మీదే కూర్చుంటుంది.

మళ్లీ మడి దగ్గరికి వద్దాం. రికార్డు గాడికి రెండు గోడలుంటాయి. లోపలి గోడలో ఎడమ స్పీకర్ ధ్వని, బయటి గోడలో కుడి స్పీకర్ ధ్వని. పళ్లెం ఎడమకు వాలితే ఆర్మ్, అంటే ముల్లును మోసే చెయ్యి, అటే జారాలని చూస్తుంది. ముల్లు లోపలి గోడను ఒత్తుతుంది, బయటి గోడ మీద పట్టు తగ్గుతుంది. నీళ్లన్నీ ఒక ఒడ్డుకే చేరినట్టు. ముందు కుడి స్పీకర్‌లో గరగర మొదలవుతుంది. బలం పెద్దదేం కాదు. ముల్లు మీద 2 గ్రాముల బరువు, 1 డిగ్రీ వాలు ఉంటే పక్కకు లాగేది దాదాపు 35 మిల్లీగ్రాములు. టెన్షన్ పడాల్సిన పని లేదు. కానీ రికార్డు ఒక వైపు పూర్తయ్యేదాకా, సుమారు 20 నిమిషాలు, లాగుతూనే ఉంటుంది. యాంటీస్కేట్ తిప్పి దీన్ని సరిచేద్దామనుకోవద్దు. అది ఉన్నది వేరే పనికి, రికార్డు తిరుగుతూ ఆర్మ్‌ను లోపలికి లాగితే దాన్ని ఆపడానికి. మడి వాలుగా ఉంటే తూము తిప్పి ఏం లాభం?

ఇప్పుడు పని. ముందు రసమట్టాన్ని పరీక్షించండి. బుడగ ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, అదే చోట రసమట్టాన్ని అటు కొన ఇటుగా తిప్పి పెట్టండి. బుడగ రెండోవైపుకు జరిగితే పనిముట్టే తప్పు. ఫోన్ పెట్టొద్దు, వెనక కెమెరా ఉబ్బు దాన్ని ఎత్తి పెడుతుంది.

మోటారు ఆపండి, ముల్లుకు మూత పెట్టండి, మ్యాట్ తీసేయండి. రసమట్టాన్ని పళ్లెం మీద ఎడమ నుంచి కుడికి, తర్వాత ముందు నుంచి వెనక్కి పెట్టి చూడండి. బుడగ ఎటు పోతే అటు ఎత్తు ఉన్నట్టు.

తిప్పే కాళ్లు లేని ప్లేయర్‌కు చాలామంది ఒక కాలు కింద కాగితం మడిచి దోపుతారు. అది నలుగుతుంది, వారంలో మళ్లీ వాలుతుంది. పైగా నాలుగు కాళ్లలో ఒకదాన్ని ఎత్తితే ఇంకోటి తేలిపోతుంది. నా పద్ధతి వేరు. ప్లేయర్‌ను ముట్టుకోను, దాని కింద నేలనే చదును చేస్తాను.

ప్లేయర్ కింద పెట్టడానికి గ్రానైట్ షాపులో మిగిలిన ముక్క అడగండి. 45 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉంటే దాదాపు 9 కిలోలు తూగుతుంది. దాని కింద మూడే రబ్బరు దిమ్మెలు పెట్టండి: ముందు రెండు మూలలకు రెండు, వెనక మధ్యలో ఒకటి. మూడు రాళ్ల పొయ్యి ఎక్కడ పెట్టినా ఊగదు కదా, అదే లెక్క. వెనక మూలల మీద మాత్రం చెయ్యి ఆనించి బరువు వేయొద్దు.

పల్లపు దిమ్మె కింద గడువు తీరిన ఏటీఎం కార్డు ముక్క పెట్టండి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు, దిమ్మెల మధ్య 30 సెంటీమీటర్లు ఉంటే 0.15 డిగ్రీ లేస్తుంది. అర డిగ్రీకి మూడు నాలుగు ముక్కలు. ఎత్తు తగ్గించే పని పెట్టుకోవద్దు, పల్లాన్నే లేపండి. బాపు కూడా పల్లంలోనే మట్టి పోసేవాడు.

ముందు ఎడమ-కుడి, తర్వాత వెనక దిమ్మెతో ముందు-వెనక.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా. పళ్లాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ చూడండి, బుడగ మారితే పళ్లెమే వంకర. వైర్లు ప్లేయర్‌ను లాగకుండా వదులుగా పెట్టండి. ముల్లు బరువు, యాంటీస్కేట్ ఇప్పుడు మళ్లీ సెట్ చేయండి, ఇంతకుముందు చేసినవి వాలు మీద చేసినవి. రబ్బరు అణుగుతుంది కాబట్టి వారం తర్వాత మళ్లీ రసమట్టం పెట్టండి.

(క్లోజప్: పచ్చని ద్రవంలో బుడగ కొంచెం ఊగి, రెండు గీతల మధ్య నిలుస్తుంది.)

నిలిచింది. మ్యాట్ వేస్తున్నాను, మూత తీసి ముల్లు దించుతున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఈసారి కుడి పక్క వినండి.